రెండో పొట్లం

మా ఇంట్లో ఏ పెద్ద పనికైనా ముందు పూవు అడుగుతారు. బావి తవ్వాలన్నా, ఎద్దుల్ని అమ్మాలన్నా, తాతను మదురై తీసుకుపోయి కంటికి ఆపరేషన్ చేయించాలన్నా, మగవాళ్లు ఎంతసేపు వాదించుకున్నా చివరికి ఎవరో ఒకరు గొంతు సవరించుకుని, సరి, పూవడుగుదాం అనేవారు. దాంతో వాదన అణిగిపోయేది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది కాబట్టి లోకమంతా ఇంతేనేమో అనుకున్నాను. మదురైలో కాపురం పెట్టాక పక్కింటావిడకు చెబితే ఆమె నవ్వి, మీ ఇంట్లో అన్నీ బొమ్మాబొరుసూ అన్నమాట అంది. నాకు ఒళ్లు మండింది. రూపాయి బిళ్ల ఎగరేసేవాళ్లెవరూ ముందురోజు నుంచీ పస్తుండరు, తడిబట్టలతో నిలబడరు. ఆ రోజు నుంచి ఆమెకు మా ఇంటి సంగతులు చెప్పడం మానేశాను.

మాది తమిళనాడులో, మేమంతా బోడి అనే బోడినాయకనూరు దగ్గరి పల్లె. ఏలకుల తోటల నుంచి దిగివచ్చే జీపులు మలుపులన్నీ అయిపోయి, హారన్ కొట్టడం మానేసే చోట ఉంటుంది. ఎన్నో తరాల కింద ఉత్తరం నుంచి పశువుల్ని తోలుకుంటూ వచ్చి, నల్లరేగడి కనబడగానే ఆగిపోయినవాళ్లం. బళ్లో తమిళం, ఇంట్లో తెలుగు. ఆ తెలుగు కూడా నోటితో మాట్లాడేదే గాని చేత్తో రాసేది కాదు. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది పెళ్లయ్యాకే. మా ఇంటి సంగతులు ఏవైనా నోటి నుంచి నోటికి రావలసిందే. చెప్పకూడదనుకున్నవి చేతి నుంచి చేతికి వస్తాయని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

పూవడిగేది సామిగదిలో ఉండే కన్నెమ్మను. ఆమెకు విగ్రహం లేదు. దూలానికి తాళ్లతో కట్టిన వెదురు పెట్టె ఉంటుంది. అందులో ఓ చిన్న పట్టుపావడా, గాజులు, దువ్వెన, అద్దం. ఆమె మా ఇంటి పిల్లే. వలస వచ్చిన కాలంలో ఇక్కడి పాళెగాడొకడు ఆ పిల్లను చూసి నాకివ్వమన్నాడట. ఇవ్వలేక, కాదనలేక పెద్దవాళ్లు నలుగుతుంటే, ఆ పిల్ల తానే నడిచిపోయి ధాన్యం పోసే పాతరలోకి దిగిందట. భూమి మూసుకుందట. మాసి నెలలో శివరాత్రికి పెట్టె దింపినప్పుడు మగవాళ్లు ఉరుమి డోలు వాయిస్తూ ఈ కథ పాడతారు. భూమి మూసుకున్న చోటికి వచ్చేసరికి మా తాతకు ఏటేటా కళ్లనీళ్లు తిరిగేవి. నాకూ ఒళ్లు జలదరించేది.

పూవడిగే తీరు ఇది. అవ్వ పొద్దున్నే తలకు పోసుకుని సామిగదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. రెండు అరిటాకు ముక్కలు తీసుకుని ఒకదానిలో తెల్లటి నందివర్ధనం, ఒకదానిలో ఎర్ర గన్నేరు పెట్టి, రెండూ ఒక్క తీరుగా మడిచి, అరటినారతో ముడుస్తుంది. తెల్లది వస్తే సరేనని, ఎర్రది వస్తే వద్దని. ముడవడం ఇంటి పెద్ద కోడలి హక్కు. మగవాళ్లు ఆ గదిలోకి తొంగి కూడా చూడరు. తలుపు తెరిచాక అందరూ గడప బయట చేతులు కట్టుకుని నిలబడతారు. అవ్వే కన్నెమ్మను అమ్మా అంటూ పైకి అడుగుతుంది. అప్పుడు ఇంట్లో ఇంకా పెద్దమనిషి కాని ఆడపిల్ల ఒక పొట్లం తీసి తాత చేతికి ఇస్తుంది. తాత విప్పుతాడు.

రెండోది విప్పరు. దాన్ని ఇంటి ఆడది ఒకతె అట్లాగే తీసుకుపోయి పెరటి బావిలో వదిలేస్తుంది. ఎందుకు విప్పకూడదని ఓసారి అడిగాను. అమ్మ తన దగ్గర ఉంచుకున్న మాట మనకెందుకే అంది అవ్వ. ఆ మాటకు తాత కూడా పెద్దగా తలాడించాడు.

ఊహ తెలిసినప్పటి నుంచీ కొన్నేళ్లు ఆ పొట్లం తీసిన చెయ్యి నాదే. ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె నిండిపోతుంది. నా కంటె మూడింతలున్న మగవాళ్లు, పంచాయితీలో గొంతు చించుకునేవాళ్లు, తలపాగాలు తీసి చంకలో పెట్టుకుని నా పిడికిలి వంక చూస్తూ ఉండేవారు. చెయ్యి చాపగానే వేళ్లకు వెచ్చగా తగిలేది. అమ్మ నా చెయ్యి పట్టుకుని తనకు కావలసిన దాని మీద పెడుతుందని నాకు గట్టి నమ్మకం. నేనేం కోరుకునేదాన్ని కాదు, చెయ్యి దానంతటదే పోయేది. దక్షిణం చేనిలో బావికి ఎర్రపూవు వచ్చింది. తాత నోరెత్తకుండా గడ్డపార తీసుకుని ఉత్తరం చేనికి పోయాడు.

ఒకనాడు మా చిన్నత్త, అంటే నాయన చెల్లెలు, అత్తింటి నుంచి మొదటి బస్సుకు చేతిసంచితో దిగింది. బుగ్గ వాచి కన్ను సగం మూసుకుపోయింది. మర్నాడే ఆమె మొగుడి తరపు వాళ్లు జీపు వేసుకుని వచ్చి తిన్నెల మీద కూర్చున్నారు. పెళ్లయిన ఆడది పుట్టింట్లో ఉంటే మీకే చెడ్డపేరు అన్నారు. తాత కూతురి ముఖం చూడలేకపోయాడు, వాళ్లకు ఎదురు చెప్పలేకపోయాడు. పూవడుగుదాం అన్నాడు. అవ్వ గడపలో నిలబడి, బిడ్డ మనింట్లోనే ఉండొచ్చునా అమ్మా అని అడిగింది. నేను తీశాను. తెల్లది. జీపులో వచ్చినవాళ్లు కూడా ఆ పూవుకు దండం పెట్టి, పెట్టిన కాఫీ తాగి వెళ్లిపోయారు. చిన్నత్త ఇక ఆ ఇంటికి తిరిగి పోలేదు. ఆ రోజంతా నేను నా అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటూనే ఉన్నాను. ఇంత చిన్న చెయ్యి ఒక జీపును వెనక్కు పంపించింది.

ఆ తర్వాత కొద్దికాలానికే నేను పెద్దమనిషినయ్యాను. మేనమామ వచ్చి పెరట్లో కొబ్బరి మట్టలతో చిన్న గుడిసె కట్టాడు. అందులో కూర్చోబెట్టి దూరం నుంచి అన్నం పెట్టారు. స్నానమయ్యి ఇంట్లోకి వచ్చాక, నెలలో ఏ రోజులు ఊరగాయ జాడీ ముట్టకూడదో, ఏ రోజులు సామిగది వైపు చూడకూడదో మా అమ్మ పాఠంలా అప్పజెప్పింది. నిన్నటి దాకా దేవత మాట పట్టుకున్న చెయ్యి ఈవేళ మామిడికాయ ముక్కను పాడుచేస్తుందట. నేను పళ్లు కొరికాను. వీళ్లకు నచ్చినప్పుడు నేను దేవతను, నచ్చనప్పుడు అంటును. ఈ లెక్క నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

నా తర్వాత చిన్నాన్న కూతురి చెయ్యి వచ్చింది. ఆ పిల్ల మొదట తీసిన పొట్లం నా గురించే. పెద్ద బడి బోడిలో ఉంది, బస్సులో పోవాలి. వయసొచ్చిన పిల్లను బస్సెక్కించడం ఎందుకని నాయన. తాత మామూలుగా పూవు మాటెత్తాడు. నేను ఆ నాలుగు రోజులూ సామిగది వైపు పోకూడదు కాబట్టి వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని వింటున్నాను. బిడ్డ బడికి పోవచ్చునా అమ్మా అన్న అవ్వ గొంతు వినబడింది. తర్వాత ఎంతకీ ఏమీ వినబడలేదు. చివరికి తాత గట్టిగా ఊపిరి వదిలి, తెల్లది అన్నాడు. ఊచల మీద తల ఆనించి ఏడ్చాను. ఆ తెల్లపూవే నన్ను బోడికి, అక్కడి నుంచి మదురై కాలేజీకి తీసుకుపోయింది. ఇవాళ నాకంటూ ఒక మందుల షాపు ఉంది. పొద్దున షట్టర్ ఎత్తేటప్పుడు నేను మొదట దండం పెట్టుకునేది ఆ పెట్టెకే.

మా ఇంటి ఆడపిల్లలందరిదీ అదే నమ్మకం. మన సంగతంటే అమ్మ తెల్లపూవే ఇస్తుంది అని గుసగుసలాడుకునేవాళ్లం. తాతకూ ఆ సంగతి తెలుసు. తానూ ఆడపిల్లే గదా, ఆడపిల్ల కష్టం ఆమెకు తెలీదా అని వచ్చినవాళ్లకు గొప్పగా చెప్పేవాడు. ఆయన పోయేటప్పటికి ఆ మాట ఇంట్లో ఒక శాసనమంత గట్టిపడిపోయింది.

పోయిన వేసవిలో మా అన్న కూతురి సంగతి వచ్చింది. ప్లస్ టూ మంచి మార్కులతో అయింది. మదురైలో ఫిజియోథెరపీ కాలేజీలో సీటు కూడా వచ్చింది. మా వదినె తమ్ముడు, అంటే ఆ పిల్లకు మేనమామ, బోడిలో ఏలకుల వ్యాపారం చేస్తాడు. ఆ పిల్ల పుట్టిన నాడే అతనికని అనుకున్నారు. మాలో మేనమామ అడిగితే కాదనడం తేలిక కాదు, వదినె పుట్టింటితో సంబంధమే తెగిపోతుంది. ఆవణి నెలలో ముహూర్తం పెట్టుకుందామని కబురు వచ్చింది. చదువు తర్వాత చూసుకోవచ్చులే అన్నాడు అన్న. తర్వాత అంటే ఎప్పుడూ కాదని మా అందరికీ తెలుసు.

పిల్ల నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. "మామ మంచోడే అత్తా. అందుకే భయంగా ఉండాది. చెడ్డోడైతే వద్దని చెప్పొచ్చు" అంది.

ఇంత చిన్న పిల్లకు ఈ ముడి ఇంత సరిగ్గా ఎట్లా కనబడిందా అని ఆశ్చర్యపోయాను. పూవడుగుతార్లే, అమ్మ చూసుకుంటుంది, దిగులు పడకు అని చెప్పి, షాపు పనమ్మాయికి అప్పగించి బస్సెక్కాను. నిజంగా నాకే దిగులూ లేదు. అమ్మ సంగతి నాకు తెలుసు.

అవ్వ ఇప్పుడు చాలా ముసలిదయిపోయింది. చేతులు ఎప్పుడూ వణుకుతుంటాయి, కాఫీ గ్లాసు కూడా ఎవరో ఒకరు పట్టుకోవాలి. మా నాయన, అమ్మ పోయాక ముడిచే హక్కు రావలసింది వదినెకు. ఆమె తలకు పోసుకుని తడిజుట్టు ముడివేసుకుని సామిగది దగ్గరకు వచ్చింది కూడా. అవ్వ ఆమె వంక చూసి, నువ్వుండు అని, నన్ను లోపలికి రమ్మంది. వదినె ముఖం మాడిపోయింది. పరాయింటికి పోయిన ఆడబిడ్డను పిలిచి, ఇంటి కోడల్ని గడప బయట నిలబెట్టడం మాలో చిన్న మాట కాదు. తమ్ముడి సంబంధం కాబట్టి తనను నమ్మడం లేదని ఆమెకు అర్థమైంది. పక్కకు జరిగింది.

తలుపు వేశాను. అవ్వ నేల మీద కూర్చుని అరటినార బుట్ట నా ముందుకు తోసింది. నేను ఆకు ముక్కలు రెండు తుడిచి, ఒకదానిలో నందివర్ధనం పెట్టాను, ఒకదానిలో గన్నేరు పెట్టాను. మడవబోతుంటే అవ్వ వణికే చెయ్యి చాపి ఎర్రపూవు తీసేసింది. దాన్ని తన కొంగులో ముడివేసుకుంది. బుట్టలోంచి ఇంకో తెల్లపూవు తీసి ఆ ఆకులో పెట్టింది.

"ఎర్రది ఎద్దుకు పెట్టు, బావికి పెట్టు" అంది. "ఆడబిడ్డకు పెట్టేది లే."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకు ఆనుకున్నాను. చిన్నత్త, బోడి బడి, నా కాలేజీ, ఇంకా ఎందరెందరివో ఎన్ని తెల్లపూలు! వేళ్లకు తగిలిన వెచ్చదనం, దానంతటదే పోయిన చెయ్యి, అన్నీ గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. అమ్మకు కోపం రాదా అవ్వా, అబద్ధం కదా అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది.

అవ్వ తలెత్తి పెట్టె వంక చూసింది. తనకిది తన అత్త చూపించిందట, ఆమెకు ఆమె అత్త. చూపించేటప్పుడే అసలు కథ కూడా చెప్పాలట. మగవాళ్లు పాడే కథలో పిల్ల తానే పాతరలోకి దిగింది. ఆడవాళ్ల కథలో ఆ పొద్దు కూడా, అప్పటి కులదేవతను, పూవడిగారు. పిల్లను మనతో ఉంచుకుని ఎటైనా పోదామా అని అడిగారు. ఎర్రపూవు వచ్చింది. పాతరలోకి నిచ్చెన వేసి దించారు, నిచ్చెన తీసేశారు, పైన బండ పెట్టారు. అవ్వ ఇదంతా బియ్యంలో రాళ్లేరుతూ చెప్పే మాటలా నెమ్మదిగా చెప్పింది.

"ఆ పొద్దు ముడిచినామె నిజంగానే ముడిచింది" అంది చివరికి. "ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. ముడిచింది ఆ పిల్ల తల్లే."

నా వేళ్లు ఆకు మీద ఆగిపోయాయి. బయట మగవాళ్లు దగ్గుతున్నారు. నేను ఎన్నో గుళ్లు చూశాను, మదురైలో గోపురాల కింద తలెత్తి నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఎక్కడా ఆ చిన్న చీకటి గదిలో వణికినంతగా వణకలేదు. చదువుకోనివాళ్లు, పేరు కూడా ఎవరికీ గుర్తులేనివాళ్లు, ఒకరి తర్వాత ఒకరు ఈ మట్టినేల మీద కూర్చుని, వచ్చే ఆడపిల్ల కోసం ఎర్రపూవు కొంగులో దాచుకున్నారు. ఎదురు చెప్పే హక్కు ఎవరూ ఇవ్వలేదు వాళ్లకు. ఎదురు చెప్పకుండానే గెలిచారు. నేను అమ్మకు దండం పెట్టాను, ఆ చేతులతోనే అవ్వ కాళ్లు పట్టుకున్నాను. ఇద్దరిలో ఎవరు దేవతో నాకు తేల్చుకోవాలనిపించలేదు. రెండు పొట్లాలూ మడిచి ముడిచాను. నా జీవితంలో నేను చేసిన పనులన్నిటిలోకీ అదే పెద్ద పని అనిపించింది.

తలుపు తెరిచాను. అన్న, చిన్నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డారు. పిల్ల వంటింటి గుమ్మంలో ఉంది. అవ్వ గడపలో కూర్చునే, బిడ్డ మదురైకి పోవచ్చునా అమ్మా అని అడిగింది. చిన్నాన్న మనవరాలు, రెండో క్లాసు పిల్ల, గౌను సర్దుకుంటూ వచ్చి చాలాసేపు ఆలోచించి ఒకటి తీసింది. అన్న నార తెంపి విప్పాడు. తెల్లది. గుమ్మంలో పిల్ల రెండు చేతులూ ఎత్తి పెట్టెకు దండం పెట్టింది.

అన్న ముందు పూవు వంక చూశాడు. తర్వాత రెండో పొట్లం వంక చూశాడు. ఈ ఇంట్లో అంతవరకూ ఎవరూ అట్లా చూడలేదు.

"నాకు తెలిసి ఈ ఇంట్లో ఆడబిడ్డ మాటకు ఎర్రపూవు వచ్చిందే లే" అన్నాడు. "ఈ తూరి రెండోదీ విప్పి చూస్తాం."

అది విప్పితే పోయేది ఈ పిల్ల చదువు ఒక్కటే కాదు. చిన్నత్త ఈ ఇంట్లో బతికిన బతుకు, నా బతుకు, అన్నీ మోసమైపోతాయి. ఇకమీద పుట్టే ఏ ఆడపిల్లకూ ఈ గది ఉండదు. అన్న పొట్లం అందుకోవడానికి వంగాడు.

అప్పుడు వదినె వచ్చింది. వాళ్లిద్దరి మధ్య నుంచి గడప దాటి, అన్న చేతికి అందకముందే పొట్లం తీసుకుంది. మా ఇళ్లలో మాట ఖాయం చేయాలంటే తమిళంలోకి దిగుతాం, ఇక ఆ మాటకు తిరుగు లేదని దాని అర్థం. వదినె మొగుడి ముఖంలోకి చూసి "వేండాం" అంది, వద్దని. తర్వాత తెలుగులో, "ఇది అమ్మది, అమ్మకే పోవాల" అంది. పెరట్లోకి నడిచింది. అన్న చాపిన చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. అది ఆయన తాతల నాటి మాటే.

నేను ఆమె వెనకే పోయాను. ఆమె తమ్ముడి పెళ్లిని ఆ పొట్లాల్లో ముడిచి ఆపేసింది నేను. బావి గట్టు దగ్గర ఆమె ఆగి, నా వైపు వీపు పెట్టి, నార విప్పింది. ఆపే ధైర్యం నాకు లేకపోయింది. అరిటాకులో పూవును చూస్తూ ఎంతసేపు నిలబడిందో. తెల్లటి నందివర్ధనం, కొంచెం కూడా నలగలేదు.

కేకలేస్తుందనుకున్నాను. ఆమె ఆకును, నారను బావిలో వదిలేసింది. పూవును తీసి తడిజుట్టులో, చెవి పక్కన పెట్టుకుంది.

"నా కల్యాణానికి మా ఇంట్లో ఇట్ల ముడిచేవాళ్లు ఎవరూ లేకపోయిరి" అంది.

ఇద్దరం లోపలికి వచ్చాం. అన్న వసారాలో బావమరిదికి ఫోన్ చేసి, ఏం చేస్తాం, అమ్మ మాట అని నచ్చజెబుతున్నాడు. ఆయన ఎదురుగానే వదినె తలలో ఆ పూవు ఉంది. ఆయన చూశాడు కూడా. పెళ్లాం తలలో పూవంటే చూసేందుకు ఏముంటుంది. మళ్లీ ఫోన్‌లో మునిగిపోయాడు.

అవ్వ మాత్రం చూసింది. గడపలో కూర్చున్నది కూర్చున్నట్టే తలెత్తి, ఆ పూవు వంక చాలాసేపు చూసింది. కొంగు ముడి విప్పి, వాడిన ఎర్రపూవు తీసి వదినె అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. తర్వాత అరటినార బుట్టను నెమ్మదిగా ఆమె వైపు జరిపింది.